వేటబరువు – మోతధర్మము

ధర్మమనిన వెంటనే మనకు పెద్ద సందర్భములే గుర్తునకు వచ్చును. యుద్ధము, రాజ్యము, సన్న్యాసము, సత్యము కొరకు ఆలుబిడ్డల నమ్ముకొన్న హరిశ్చంద్రుడు – ఇట్టివి. కాని మనుష్యుడు దినదినము ఎదుర్కొను ధర్మసందేహములలో పెక్కు మిక్కిలి చిన్న వస్తువులను ఆశ్రయించి యుండును. అట్టి చిన్న వస్తువు నొకదానిని తీసికొని ఆలోచింపవలెనని ఈ వ్యాసమున మా ప్రయత్నము. వేటలో పడిన జంతువు మాంసమును అడవి నుండి ఇంటికి మోసికొని వచ్చు సంచియే ఆ వస్తువు. అది బుట్ట కావచ్చును, కావడి కావచ్చును, గోనె కావచ్చును, ఈ కాలపు వీపుసంచి కావచ్చును. తక్కువ వెలలో మంచి మోతసాధనమును ఎట్లు ఎన్నుకొనవలెనను ప్రశ్న పైకి అంగడిబేరము వలె కనబడును. కొంచెము లోతునకు దిగినచో అదియే ‘చంపినవాడు ఏమి మోయవలెను? ఎంత వరకు మోయవలెను? ఎవరిచేత మోయింపవచ్చును?’ అను ప్రశ్నగా మారును.

ఈ ప్రశ్నను సత్రపట్టి నుండి అడుగుటకు కారణము కలదు. రాజపాళయమునకు చేరువ నున్న ఈ యూరికి పడమటి కనుమలు కనుచూపు మేరలో నున్నవి. తెలుగు సీమ నుండి విజయనగర కాలమునను, ఆ తరువాతను దక్షిణమునకు వచ్చి ఈ ప్రాంతములలో కాపురములు పెట్టిన వారి సంతతి మనమని పెద్దలు చెప్పుదురు. వీధిలో తమిళము, వంటయింటిలో తెలుగు – ఇది మన ఇండ్లకు తరతరాల వాడుక. శ్రీకృష్ణదేవరాయలు తన ‘ఆముక్తమాల్యద’కు కథారంగముగా నెన్నుకొన్న శ్రీవిల్లిపుత్తూరు మనకు దగ్గరిలోనే యున్నది. ఇక రాజపాళయము పేరు చెప్పగానే దేశమునందలి జంతుప్రియులకు గుర్తు వచ్చునది తెల్లని దేహము, గులాబీరంగు ముక్కు, పొడవైన కాళ్లు గల వేటకుక్క. 2005లో మన దేశపు తపాలాశాఖ నాలుగు స్వదేశీ కుక్కజాతులకు తపాలాబిళ్లలు వెలువరించినప్పుడు వానిలో రాజపాళయపు కుక్క ఒకటి. ఆ కుక్కను పెంచినది ముద్దు కొరకు కాదు. ముఖ్యముగా అడవిపంది వేట కొరకు. కావున వేట మన చరిత్రలో నున్నది. మన యిండ్లలోని పాత మాటలలో, పండుగ ముచ్చట్లలో ఇంకను నున్నది.

అయితే వేట నేడు లేదు, ఉండరాదు. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టమును 1991లో సవరించి మరింత బిగించిన మీదట, ప్రభుత్వపు ప్రత్యేకానుమతి లేక అడవిజంతువును చంపుట నేరము. మన కొండలలోనే 1988లో నెరసిన వన్నె గల పెద్ద ఉడుతల రక్షణ కొరకు అభయారణ్య మేర్పడినది. 2021లో శ్రీవిల్లిపుత్తూరు – మేఘమలై ప్రాంతము పులుల రక్షణకేంద్ర మయినది. ఒకనాడు మన పెద్దలు కుక్కలతో ఎక్కిన కొండ నేడు జంతువుల యిల్లు. ఈ మార్పు మంచిదని మా దృఢవిశ్వాసము. వేటను తిరిగి తెమ్మని చెప్పుటకు మేమీ వ్యాసము వ్రాయుట లేదు. వేట పోయినను వేట నేర్పిన లెక్క యొకటి పోరాదని చెప్పుటకు వ్రాయుచున్నాము. ఆ లెక్క మోతలెక్క.

మొదట సాధనమును గూర్చియే విచారింతము. వస్తువు తెలియక ధర్మము చెప్పుట గాలిలో మేడ కట్టుట వంటిది.

బాగుగా ఎదిగిన మగ అడవిపంది నూరు కిలోలకు మించి యుండవచ్చును. దానిని శుభ్రము చేసి విడదీయగా తినదగిన మాంసము ఇంచుమించు సగము. అనగా ఏబది కిలోల బరువు. కొండదారిలో నడచువాడు తన శరీరపు బరువులో నాల్గవ వంతు, మహా యైన మూడవ వంతు మోయుట మేలని అనుభవజ్ఞుల మాట. ఈ లెక్కను బట్టి చూచినచో ఒక పంది ముగ్గురికి మోత. లేదా ఒకనికి మూడు తిరుగుళ్లు. బాణము వదలుటకు, బల్లెము విసరుటకు ముందే ఈ లెక్క వేయవలసి యుండెను. ఎంత దూరము వచ్చితిమి? ఎందరము వచ్చితిమి? ఎండ ఎంత? దారి ఎక్కుడా, దిగుడా? ఈ ప్రశ్నలకు సమాధానము లేనివాడు సంచి నెన్నుకొనలేడు.

కావడి మన దేశపు అతి ప్రాచీనమైన మోతసాధనము. వెదురుబద్ద యొకటి, ఉట్లు రెండు – అంతే ఖర్చు. రెండు వైపుల సమానముగా నుంచినచో భుజము తేలికగా మోయును. బద్ద వంగి లేచుచు నడకకు తోడ్పడును. పొలముగట్టు మీద కావడి కన్న మేలైనది లేదు. కాని అడవిలోని ఇరుకుదారిలో అది కొమ్మలకు తగులును; దిగుడులో ఊగి మనిషిని త్రోయును. జంతువు కాళ్లు కట్టి కర్రకు వ్రేలాడదీసి ఇద్దరు మోయు పద్ధతి చూచుటకు ఘనముగా నుండును గాని, ఇద్దరి అడుగు ఒక్కటి కాకున్నచో బరువు గుంజును. దిగుడుదారిలో కట్టు జారి భారమంతయు ముందువాని పాలబడును. తలమోత మెడను నిటారుగా నిలుపును, జారుడునేలలో ప్రమాదము. గోనెసంచిని వీపున వేసికొన్నచో అది వెనుకకు లాగును. మోయువాడు ముందుకు వంగును. మైలు నడచులోపల నడుము పట్టుకొనును.

ఈ కాలపు వీపుసంచిలో మెచ్చదగిన గుణము ఒక్కటి కలదు. దానికి లోపల గాని వెలుపల గాని గట్టి చట్ర ముండును. నడుమునకు వెడల్పాటి పట్టీ ఉండును. ఆ పట్టీ బిగించినప్పుడు బరువులో ఎక్కువ పాలు భుజముల నుండి దిగి తుంటియెముకపై నిలుచును. బరువు వెన్నెముకకు ఎంత దగ్గరగా నున్న అంత తేలిక. కావున తక్కువ వెలలో కొనదలచినవాడు రూకలు పెట్టవలసినది మూడు చోట్ల – చట్రమునకు, నడుముపట్టీకి, కుట్టునకు. మానుకొనవలసినవి పదిజేబులు, మెరుగురంగులు, పెద్దపేర్లు. కొత్తది కొనలేనివాడు పాతచట్రమునకు మంచి తాడును, కడుగుటకు వీలైన గట్టి గుడ్డను కట్టుకొన్నను పని జరుగును.

ఇక మాంసము సంగతి. అప్పుడే పడిన జంతువు దేహము వేడిగా నుండును. ఆ వేడి పోకున్నచో మాంసము చెడును. ప్లాస్టిక్ సంచి అన్నిటి కన్న చవక. కాని అది వేడిని, తడిని రెండింటిని లోపలనే బంధించును. అందువలన వేట చట్టబద్ధమైన దేశములలో తెలిసినవారు ముందుగా మాంసమును గాలియాడు పలుచని నూలుగుడ్డలో చుట్టుదురు, నీడన వ్రేలాడదీసి చల్లారనిత్తురు, ఈగ వాలనీయరు, ఆ పిదపనే వీపుసంచిలో నుంచుదురు. ఆ గుడ్డ ఎట్టిదో సత్రపట్టివారికి వేరుగా చెప్పనక్కర లేదు. పలుచగా, కన్నులు కన్నులుగా నేసిన గాజుగుడ్డయే మన యూరి మగ్గముల పంట. గాయమునకు కట్టు గుడ్డగా సత్రపట్టి నేత పేరు పొందినది. ఒక జీవి గాయమును మాన్పుటకు కట్టునదియు, మరియొక జీవి మాంసమును కాపాడుటకు చుట్టునదియు నేతలో ఇంచుమించు ఒక్కటే. గుడ్డకు ఈ భేదము తెలియదు. తెలియవలసినది మనకు.

ఇంతవరకు చెప్పినది సాధనము. ఇప్పుడు ‘చవక’ యను మాట నర్థము చేసికొందము.

వస్తువును కొనునప్పుడు మనము సాధారణముగా ఒక్క పద్దునే వ్రాయుదుము – చేతి నుండి వెళ్లిన రూకలు. వేటసంచి విషయమున పద్దులు మూడు. మొదటిది రూకల పద్దు. రెండవది వీపు పద్దు. మూడవది ప్రాణము పద్దు. తక్కువ వెలకు కొన్న సంచి దారిలో చిరిగినదనుకొందము. మాంసము నేలపాలయినది, సగము అడవిలోనే వదలి రావలసి వచ్చినది. రూకల పద్దులో లాభమే. కాని ఒక జంతువు ప్రాణము వ్యర్థమయినది. ఆ నష్టమును ఏ అంగడివాడును తీర్చలేడు. లేదా సంచికి పట్టీలు సరిగా లేవు. అయినను కూలివాని వీపుపై వేసి మోయించితిమి. మాంసము ఇల్లు చేరినది, రూకలు మిగిలినవి. కాని ఆ మిగిలిన రూకలను ఇచ్చినవాడు కూలివాడు. తన నడుము నుండి ఇచ్చినాడు. చవక యనునది పెక్కుసార్లు లేని వెల కాదు. ఇతరుల పద్దులో వ్రాయబడిన వెల. మూడు పద్దులలోను తక్కువైనదియే నిజమైన చవక. ఒక పద్దులో తగ్గించి మరియొక పద్దులో దాచినది చవక కాదు, అప్పు.

ఇచ్చట ఒక గట్టి ఆక్షేపణ వచ్చును. ‘వేటయే హింస. హింస చేసిన పిదప మోతలో ధర్మ మెక్కడిది? దొంగ తన మూటను తానే మోసినంత మాత్రమున దొర యగునా?’ అని అడుగవచ్చును. ఆక్షేపణ న్యాయమైనదే. మనుస్మృతి సైతము వేటను రాజులకు గల కామజవ్యసనములలో చేర్చి, వానిలో మిక్కిలి చెడ్డవగు నాల్గింటిలో నొకటిగా లెక్కించినది. మృగరూపమున నున్న కిందమ మహర్షిని కొట్టిన పాండురాజును, శబ్దమును బట్టి బాణము వేసి మునికుమారుని చంపిన దశరథుడును వేట వలననే శాపము పొందిరి. ఆ కుమారుడు గ్రుడ్డివారైన తల్లిదండ్రులను కావడిలో మోసికొని తిరుగువాడని జనులు చెప్పుకొను కథ. మోయుచున్నవానిని వేటాడువాడు చంపినాడు. దశరథుడు ఆ పిదప ఏమి చేసెను? పారిపోలేదు. నీటికుండ తీసికొని తానే ఆ వృద్ధుల యొద్దకు వెళ్లి, చేసినది తానేనని చెప్పెను. వారిని కుమారుని దేహము నొద్దకు తానే తోడ్కొని పోయెను. పాపము తొలగలేదు, శాపము తప్పలేదు. కాని తన పని ఫలమును మరియొకని మీద వేయక తానే మోసినాడు. మోత హింసను కడిగివేయునని మేము చెప్పుట లేదు. మోయని హింస రెండింతలగునని మాత్రము చెప్పుచున్నాము.

మహాభారతము అరణ్యపర్వములో ధర్మవ్యాధుని కథ కలదు. మిథిలలో మాంసము అమ్ముకొను ఆ వ్యాధుని యొద్దకు కౌశికుడను బ్రాహ్మణుడు ధర్మము తెలిసికొనుటకు వచ్చును. తాను స్వయముగా చంపననియు, ఇతరులు చంపిన పందుల, దున్నల మాంసమును అమ్ముదుననియు, తాను తిననని కూడ వ్యాధుడు చెప్పును. అంతటితో తాను నిర్దోషినని చెప్పుకొనునా? చెప్పుకొనడు. తన వృత్తి ఘోరమని ఒప్పుకొనును. పిమ్మట నాగలి దున్నువాడు నేలలోని ప్రాణులను చంపుచున్నాడు గదా, నడచువాడు కాలిక్రింద చంపుచున్నాడు గదా, హింస లేనివాడు లోకమున నెవ్వడని అడుగును. ఈ మాటను కొందరు వేటకు సమర్థనగా వాడుదురు. మాకట్లు తోచుట లేదు. ‘అందరును చేయుచున్నారు గనుక దోషము లేదు’ అని వ్యాధుని భావము కాదు. ‘అందరకును పాలు కలదు గనుక ఎవడును తాను శుద్ధుడనని గర్వింపరాదు’ అని భావము. శాకాహారి కూడ మోతలెక్క నుండి తప్పించుకొనలేడు. అతని బియ్యపుమూటను మోసిన వీపు ఒకటి కలదు.

మన తెలుగువారికిని తమిళులకును సమానముగా ప్రియమైన కథ కన్నప్పది. ధూర్జటి ‘కాళహస్తిమాహాత్మ్యము’లో తిన్నని కథ మన కావ్యసంపదలో నున్నది, పన్నెండవ శతాబ్దమున సేక్కిళారు తమిళమున రచించిన ‘పెరియపురాణము’లోను ఈ కథ విస్తరముగా నున్నది. ఆ తమిళగ్రంథమున నొక చిన్న విషయము మా ప్రశ్నకు మిక్కిలి దగ్గరగా నున్నది. తిన్నడు పందిని చంపినాడు. నాణన్, కాడన్ అను తోడి వేటగాండ్రు వెంట నున్నారు. నీరున్న చోటికి పోవుదము, పందిని తెమ్మని తిన్నడు వారితో చెప్పినాడు. దారిలో కాళహస్తికొండ కనబడినది. కొండకు దగ్గరగు కొలదియు తన మీద నున్న యేదో భారము తొలగుచున్నట్లు తిన్ననికి తోచినది. భక్తులు దీనిని జన్మాంతరపు కర్మభారముగా చెప్పుదురు, అది సరియే. కాని కథను ప్రక్కనుండి చూచినచో ఆ సమయమున పంది బరువు తిన్నని భుజముపై లేదు; తోడివారి భుజములపై నున్నది! అతని మనస్సు తేలికయగుచుండగా వారి నడుములు వంగుచున్నవి.

ఆ కథ యక్కడ ఆగినచో మనకు చిక్కే. అది ఆగలేదు. దేవుని చూచిన మీదట తిన్నడు మాంసమును తానే కాల్చినాడు. రుచి తానే చూచినాడు. ఆకుదొప్పలో నుంచుకొని తానే మోసినాడు. అభిషేకమునకు నీటిని నోటనే పట్టుకొన్నాడు. పువ్వులను తలలో తురుముకొన్నాడు. రెండు చేతులును నిండగా, మిగిలిన దేహమే అతనికి సంచి యయినది. ఇంతకన్న చవకైన మోతసాధనము లోకమున లేదు. ఇంతకన్న ఎక్కువ వెల గలదియు లేదు. ఏలయనగా చివరకు కన్నులను సైతము ఆ లెక్కలోనే ఇచ్చినాడు. భక్తి వచ్చిన క్షణము నుండి తిన్నడు తన బరువును మరియొకరిచేత మోయింపలేదు. ఈ మార్పును మన పౌరాణికులు అంతగా ఎత్తి చెప్పరు గాని, మా దృష్టిలో కథకు నడిబొడ్డు అదియే.

కాళిదాసు ‘శాకుంతలము’ రెండవ అంకములో సేనాపతి వేటను పొగడును: దేహము తేలికపడును, ఉత్సాహము కలుగును అని. అదే అంకమున విదూషకుడు మాధవ్యుడు రాజు వెంట అడవులు తిరిగి తన కీళ్లన్నియు సడలినవని మొరపెట్టుకొనును. సభలో విదూషకుని మాటకు నవ్వుదుము. కాని వేటను గూర్చిన రెండు సాక్ష్యములలో ఏది మోసినవాని సాక్ష్యమో గుర్తింపవలెను. వేట పొగడ్తలు పెక్కు గుఱ్ఱముపై కూర్చున్నవారు చెప్పినవి.

ఇచ్చట మరియొక ఆక్షేపణ. ‘కూలి యిచ్చుచున్నాము గదా! మోతపని యొకని బ్రతుకుతెరువు. ప్రతివాడును తన మూట తానే మోసికొన్నచో కూలివాడేమి తినవలెను? వృద్ధులు, రోగులు ఏమి చేయవలెను?’ ఇదియు తేలికగా త్రోసివేయదగినది కాదు. కూలి యిచ్చుట తప్పు కాదు. కూలి కట్టుటతో లెక్క ముగిసినదనుకొనుట తప్పు. నేపాళపు బరువు మోయువారు నుదుటిపట్టీతో బుట్టను మోయుదురు. 2005లో ప్రకటింపబడిన ఒక శాస్త్రపరిశోధనలో, వారిలో పురుషులు సగటున తమ శరీరపు బరువులో 93 శాతము మోయుచున్నట్లు తేలినది. ఇది చదివి ‘ఆహా, ఎంతటి శక్తి!’ అని మెచ్చుకొనుట సులభము. మోయగలరు గనుక మోయింపవచ్చునని అనుకొనుట అంతకన్న సులభము. అంతర్జాతీయ కార్మికసంస్థ 1967లో చేసిన సిఫారసున ఒక వయోజనుడు మోయదగిన బరువునకు 55 కిలోలను మేరగా నుంచినది. శక్తికి హద్దు దేహము నిర్ణయించును. న్యాయమునకు హద్దు సంఘము నిర్ణయింపవలెను.

కూలియే లేని మోతను మన తెలుగుసీమ చూచినది. నైజాము రాష్ట్రమున అధికారులకు, దొరలకు సామానులు మోయుట వెట్టిచాకిరిలో నొక భాగము. గూడెము కొండలలో దారుల పని కొరకు గిరిజనులచేత చేయించిన వెట్టియే 1922లో అల్లూరి సీతారామరాజు నడపిన తిరుగుబాటునకు ముఖ్యకారణములలో నొకటి. బరువు దింపుకొనుటకు జనులు ప్రాణము లిచ్చిన చరిత్ర మనది. అందుచేత కూలిని గూర్చి మా మతము ఇది: ఏ బరువునకు కూలి నిర్ణయింపదలచితిమో ఆ బరువును ఒక్క ఫర్లాంగు దూరము మనమే మోసి చూడవలెను. అప్పుడు నోట వచ్చిన కూలి ఇంచుమించు న్యాయమైన దగును. వృద్ధుని మూటను యువకుడు మోయుట పంచుకొనుట. బలవంతుని మూటను పేదవాని నెత్తిన పెట్టుట నెట్టివేయుట. పంచుకొనుట వేరు, నెట్టివేయుట వేరు. ప్రతి మనుష్యుడును తన అన్నమునకు తగిన శరీరశ్రమ చేయవలెనని గాంధీమహాత్ముడు 1930లో యెరవాడ చెరసాల నుండి వ్రాసిన లేఖలలో బోధించినదియు ఇదియే. 1949 నుండి 1952 వరకు మదరాసు రాష్ట్రమునకు ముఖ్యమంత్రిగా నుండిన మన రాజపాళయపు కుమారస్వామిరాజాగారు ఆ మార్గమున నడచినవారని మనము గర్వముగా చెప్పుకొందుము. గర్వమునకు తోడు ఆచరణ కూడ కొంత యుండవలెను.

వేట చట్టబద్ధమైన చోట ఈ ధర్మమును చట్టమే చెప్పుట కలదు. అమెరికాలోని అలాస్కాలో మూస్ అను పెద్ద జాతి దుప్పిని వేటాడుటకు అనుమతి పొందినవాడు తినదగిన మాంసమంతయు అడవి నుండి తేవలెను. మాంసము వదలి కొమ్ములు మాత్రము తెచ్చుట నేరము. మాంసమంతయు చేరక ముందు కొమ్ములను తరలింపరాదు. పెద్ద మూస్ నుండి వచ్చు మాంసము 500 పౌండ్ల వరకు నుండును. ఒక్కనికి ఎన్ని తిరుగుళ్లో లెక్కించుకొనవచ్చును. ఆ నియమములోని భావము మనకు క్రొత్తది కాదు: ముందు బాధ్యత, తరువాత బిరుదు. మన పిల్లలు కొందరు ఆ దేశములలో స్థిరపడియున్నారు. వారిలో ఎవ్వడైన స్నేహితులతో వేటకు పోదునని, చవకలో మంచి మాంసపుసంచి ఏదియని ఇంటికి వ్రాసినచో, మనము చెప్పవలసిన సమాధానము సంచి పేరు కాదు. ‘నాయనా, ముందు వీపున ఏబది పౌండ్ల బియ్యము వేసికొని కొండ ఎక్కి దిగి చూడుము. అది ఎన్నిసార్లు చేయగలవో లెక్క వేయుము. ఆ లెక్కకు మించిన జంతువును చూచినచో తుపాకి దించుము. దించలేనివానికి ఏ సంచియు చాలదు’ అని చెప్పవలెను. మోయలేనిదానిని చంపరాదు. ఇదియే వేట నుండి మిగిలిన నీతి.

వేట లేని మన జీవితమున ఈ నీతికి చోటెక్కడ? అంగడిలో మాంసము కొనువానికి కనబడునది తూకము, వెల, చిన్న సంచి. జంతువును పెంచినవాడు, తోలినవాడు, కోసినవాడు, తెచ్చినవాడు – వీరెవ్వరును కనబడరు. వేటగానికి తన చేతి రక్తము కనబడెడిది; తన వీపు నొప్పి తెలిసెడిది. మనకు రెండును లేవు. అందుచేత మనము అతని కన్న దయగలవారమని అనుకొందుము. దూరమును దయగా భ్రమించుట ఈ కాలపు జబ్బు. తెచ్చిన కూరను పారవేయకుండుట, తెచ్చినవానితో పైసా కొరకు పెనగులాడకుండుట, ఇంటి పనిమనిషి నెత్తిన మోయలేని బిందె పెట్టకుండుట – ఇవి చిన్నపనులు. మోతధర్మము వీనిలోనే బ్రతికి యుండును.

కుక్క సంగతియు చెప్పవలెను. రాజపాళయపు జాతిని పెంచుట మనకు గౌరవమయినది. కాని వేట కొరకు పుట్టిన ఆ వేగము, ఆ పట్టుదల ఇరుకు దొడ్డిలో గొలుసుకు కట్టబడి యున్నది. దానిని అడవికి వదలుట నేరము. కట్టివేసి మరచుట క్రూరము. పెంచువాడు దినమును దానితో పరుగెత్తవలెను. వయసు మళ్లినపుడు వీధిపాలు చేయరాదు. పేరును మోయుటకు సిద్ధపడినవాడు ప్రాణిని కూడ మోయవలెను.

తమిళదేశపు పాతదారుల ప్రక్కన ‘సుమైతాంగి’ రాళ్లను మనలో పెక్కుమంది చూచియే యుందురు. నిలువురాళ్లు రెండు, వానిపై అడ్డురాయి యొకటి, భుజమంత ఎత్తు. తలమోతవాడు మరియొకరి సాయము లేకయే తన బరువును దానిపై దింపి, సేదదీరి, తిరిగి ఎత్తుకొనవచ్చును. గర్భముతో నుండి కన్నుమూసిన స్త్రీల జ్ఞాపకార్థము వానిని నాటించు ఆచారము కలదు. దింపుకొనలేని బరువుతో పోయిన ఆ తల్లి పేర, దారిన పోవు ముక్కుమొగము తెలియని వారికి బరువు దింపుకొను చోటు! ఈ ఆచారమున నున్న దయాగుణము మమ్ములను ఎల్లప్పుడు తలవంచుకొనునట్లు చేయును. ఇది ఇరుగుపొరుగువారి నుండి మనము నేర్చుకొనవలసిన గొప్పపాఠము. మన యూరి పేరులోనే సత్రమున్నది. సత్రమనగా బాటసారి మూట దింపుకొను చోటు గదా. ధర్మము మోయుమని మాత్రమే చెప్పదు. మోయువానికి చోటు చూపుమని కూడ చెప్పును.

మన పూర్వులు తెలుగుసీమ వదలి వచ్చునాడు ఏ సంచిలో ఏమి తెచ్చిరో వివరము మనకు చేరలేదు. చేరినది భాష. దానికి వెల లేదు, బరువు మాత్రము కలదు. బడి లేక, పత్రిక లేక, ఇంటి మాటగానే ఇన్ని తరములు దానిని తల్లులు మోసినారు. ఇప్పుడు కొందరు ఈ బరువు మనకేల యని అడుగుచున్నారు. వారిని కోపింపరాదు, బరువు నిజమైనదే. కాని చెప్పవలసిన మాట ఒకటి కలదు. ఒకరే మోసినచో అది భారము. ఇంటిల్లిపాది తలకొక మూట ఎత్తుకొన్నచో అది ప్రయాణము. తాతగారు ఒక కథ, అవ్వ ఒక సామెత, తండ్రి ఒక పద్యము, బిడ్డ అయిదు అక్షరములు – ఇట్లు పంచుకొన్నచో ఎవరి వీపును వంగదు.

సంచిని ఎన్నుకొనువాడు వెలను చూడవలసినదే. పేదవానికి వెల చూడకుండుట చెల్లదు. అయితే వెల అడుగుటకు ముందు, ఇందులో నేనేమి వేయబోవుచున్నాను, దానిని ఎవరు మోయుదురు, దారిలో ఎంత పారవేయుదును అని మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ మూడింటికి కన్ను కలిపి సమాధానము చెప్పగలవానికి గోనెసంచి చాలును. చెప్పలేనివాడు వేలు పోసి కొన్నను అది చిల్లుసంచియే. పిల్లలకు మన వేటకథలు చెప్పునపుడు పంది ఎంత పెద్దదో చెప్పి ఊరుకొనక, దానిని ఎవరెవరు ఎంత దూరము మోసిరో కూడ చెప్పుదురు గాక యని మా విన్నపము.